గ్యాస్ కొట్టే మహావిద్య

కారు ఏసీ చల్లగా రావడం లేదా? గ్యాస్ అయిపోయి ఉంటుంది. ఈ రోగనిర్ధారణకు బానెట్ ఎత్తక్కర్లేదు. బెజవాడ నుంచి హైదరాబాద్ దాకా హైవే పక్కన ఎక్కడ ఆగి అడిగినా ఇదే మాట. పక్కింటి బ్యాంకు మేనేజరు గారూ ఇదే చెబుతారు. పెళ్లి పంక్తిలో సాంబారు కలుపుకుంటూ బావమరిదీ ఇదే చెబుతాడు. కృష్ణా జలాల మీద రెండు తెలుగు రాష్ట్రాలకూ కుదరని ఏకాభిప్రాయం కారు గ్యాసు మీద ఎప్పుడో కుదిరిపోయింది.

చిక్కల్లా ఒకటే. ఆ గ్యాసు అయిపోయే సరుకు కాదు. పెట్రోలులా మండి పొగైపోదు. కంప్రెసర్ నొక్కి పంపితే ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు దాటి, డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్లో ఆవిరై, మన చెమట తాలూకు వేడిని మోసుకుని మళ్లీ కంప్రెసర్ దగ్గరికే చేరుతుంది. చిన్న కారులో పట్టేది ఏ నాలుగైదు వందల గ్రాములో. రబ్బరు గొట్టాల్లోంచి, షాఫ్టు సీలు దగ్గర ఏటా కాసిన్ని గ్రాములు జారడం సహజం. కాబట్టి పాతబడ్డ బండికి ఏనాడో ఒకసారి పట్టించాల్సి వస్తే న్యాయమే. ఏటా ఉగాది పచ్చడితో పాటు గ్యాసు కూడా తప్పడం లేదంటే మాత్రం ఎక్కడో కారుతోందని అర్థం. సైకిలు ట్యూబును తొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తోందో చూసే పంచర్ల కుర్రాడి పాటి శాస్త్రం, పది లక్షల కారు దగ్గరికొచ్చేసరికి అందరికీ మరుపు. ఇక్కడ గాలి కొట్టడమే వైద్యం.

ఈ వైద్యం ఇంట్లోనే చేసుకునే ధీరులకు పుట్టినిల్లు అమెరికా. టెక్సాస్ ఎండల్లో మనవాళ్లు కూరగాయలకని సూపర్‌మార్కెట్‌కి వెళ్లి, బండిలో ఓ గ్యాసు డబ్బా కూడా వేసుకొస్తారు. దానికో గొట్టం, గొట్టానికో రంగుల మీటరు. ముల్లు పచ్చరంగులోకి వస్తే కారు ఆరోగ్యంగా ఉన్నట్టు. అక్కడి చట్టానిదీ భలే తర్కం. డబ్బు తీసుకుని ఇతరుల కారు ఏసీ బాగుచేసేవాడు పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందాలి. సొంత కారు చేసుకునేవాడికి ఏదీ అక్కర్లేదు. అతను పుట్టుకతోనే విద్వాంసుడు. కాలిఫోర్నియా మాత్రం కాస్త అనుమానించి, ఖాళీ డబ్బా వెనక్కి తెస్తేనే ఇస్తానని పది డాలర్లు పట్టిపెట్టుకుంటుంది.

ఆ మీటరు సంగతి కాస్త చూడాలి. కారులో ఎంత గ్యాసు ఉండాలో బానెట్ కింద స్టిక్కరు మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. మీటరు చూపించేది ఒత్తిడి. ఒత్తిడి చూసి బరువు చెప్పడం సిద్ధాంతిగారికీ సాధ్యం కాదు. లోపల ఇప్పటికే ఎంతుందో తెలియనప్పుడు ఇంకెంత పోయాలో ఎలా తెలుస్తుంది? వాల్వు మూసుకుపోయినా ముల్లు కిందికే వాలుతుంది. మన ధీరుడు మాత్రం గ్యాసే తక్కువైందనుకుని, పచ్చరంగు కనబడేదాకా నింపుతూనే ఉంటాడు. మోతాదు మించితే కండెన్సర్ వైపు ఒత్తిడి పెరిగి చల్లదనం ఇంకా తగ్గుతుంది. "ఇంకో డబ్బా తేనా?" అంటాడు. ఆ డబ్బాలో లీకులు మూసే జిగురు కూడా కలిపి ఉంటే మరీ శ్రేష్ఠం. అది మంచి వర్క్‌షాపు యంత్రంలోకి దూరి దాన్నీ మూసేయగలదు. అందుకే జిగురు తాగిన కారంటే అక్కడ చాలామంది మెకానిక్కులు గేటు దగ్గరే దండం పెడతారు. పైగా డబ్బాలో ద్రవంగా ఉన్న ఆ గ్యాసు మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. వేళ్ల మీద చిందితే ఆవకాయ జాడీ పట్టుకోవడానిక్కూడా చెయ్యి రాదు.

సరే, ఇంటి వైద్యం వద్దు, చేయి తిరిగినవాడి దగ్గరికే పోదామనుకుంటే మన రోడ్డు పక్క నిపుణుడున్నాడు. ముందు పాత గ్యాసు భుస్సుమని గాల్లోకి వదులుతాడు. ఆ భుస్సు విని ఏదో పని జరుగుతోందని మనకో తృప్తి. ఓజోన్ పొరకు చిల్లు పెడుతోందని, 1987 మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని, పాత ఆర్-12 గ్యాసుని ప్రపంచమంతా సాగనంపి దాని చోట ఆర్-134ఏని కూర్చోబెట్టింది. ఇది ఓజోన్ జోలికి పోదు, భూమిని వేడెక్కిస్తుంది. కిలో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే కిలో ఆర్-134ఏ 1,430 రెట్లని 2016 నాటి కిగాలీ ఒప్పందం పట్టికలో రాసుకున్నారు. ఆ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది కూడా. 450 గ్రాముల భుస్సు అంటే 640 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్. దాదాపు 280 లీటర్ల పెట్రోలు తగలబెట్టినంత. ఎండలు మండిపోతున్నాయని మనం గ్యాసు పట్టించుకోవడం, పట్టించుకున్నందుకు ఎండలు ఇంకాస్త మండటం: ఇంత నికరమైన వ్యాపారం మరోటి లేదు.

తర్వాత వాక్యూమ్. లోపలి గాలినీ చెమ్మనూ లాగేయడానికి పంపు అరగంటైనా ఆడాలి. మనవాడి పంపు ఒక టీ తాగినంతసేపు ఆడుతుంది. అదీ పక్క షాపువాడు అరువు తీసుకుపోకుంటే. మిగిలిన చెమ్మ వాల్వు దగ్గర గడ్డకడుతుంది, గ్యాసుతో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. అది వచ్చే ఏడాది బేరం. డబ్బాలో మిగిలింది కూడా దిగాలని దాన్ని వేడినీళ్ల బకెట్లో నిలబెడతాడు. తూకం కాటా మాత్రం ఎక్కడా కనబడదు. చివర్లో పరీక్ష: "చెయ్యి పెట్టి చూడండి సార్, ఐస్!" ఈ శాస్త్రంలో థర్మామీటరు మన అరచెయ్యే. అదీ సాయంత్రం ఆరు దాటాక, నీడలో, కారులో ఒక్కడే ఉండగా. మర్నాడు మధ్యాహ్నం ఐదుగురితో వెళ్తుంటే మళ్లీ వేడిగాలి. ఫోను చేస్తే "ఇయ్యాల ఎండ ఎక్కువుంది కద సార్."

డబ్బా మీద రాసిందే లోపల ఉందని నమ్మడం కూడా మన మంచితనమే. 2011లో సముద్రం మీద సరుకు మోసే శీతల కంటైనర్లలో కల్తీ ఆర్-134ఏ అల్యూమినియంతో కలిసి, గాలి తగలగానే పేలే పదార్థంగా మారి ముగ్గురి ప్రాణం తీసింది.

ఇక అద్దాల భవనంలోని కంపెనీ సర్వీసు సెంటరు. న్యాయంగా చెప్పాలంటే అక్కడి యంత్రం బంగారం. పాత గ్యాసును వదలకుండా లాక్కుని తూస్తుంది, వాక్యూమ్ నిలుస్తోందో లేదో చూస్తుంది, గ్రాముల లెక్కన తిరిగి నింపుతుంది. పట్టించుకోక తప్పదంటే నేను దానికే ఓటేస్తాను. గొడవంతా ఆ యంత్రానికీ మనకీ మధ్య నిలబడ్డ తెల్లచొక్కాతో. కారులోంచి ఎన్ని గ్రాముల గ్యాసు బయటికొచ్చింది? లీకు ఉందో లేదో చెప్పే ముఖ్యమైన అంకె అదే. బిల్లులో అది తప్ప అన్నీ ఉంటాయి: నురుగు, సువాసన, క్రిమిసంహారం. అడిగితే "సిస్టమ్‌లో ఉంటుంది సార్" అంటాడు. సిస్టమ్‌లో లేనిదే కదా మన బాధ! గట్టిగా నిలదీస్తే ఒక్కసారిగా నిజాయతీ పొంగుకొచ్చి, కాయిల్, కండెన్సర్, కంప్రెసర్ మూడూ మార్చేద్దామని ఎస్టిమేట్ చేతిలో పెడతాడు. లీకు వెతకడానికి ఫ్లోరోసెంట్ రంగు ఉంది, నైట్రోజన్ ఉంది, సబ్బునురుగైనా ఉంది. గ్యాసుతో పాటు నూనె కూడా కారుతుంది గనక, జాయింటు దగ్గర జిడ్డుగా దుమ్ము అంటుకుని దొంగ తన చిరునామా తానే రాసిపెడతాడు. చదివేవాడే కరువు.

ఇంట్లో చేసుకోగల పనులు లేకపోలేదు. గ్లవ్‌బాక్సు వెనక క్యాబిన్ ఫిల్టరు తీసి చూడండి. రెండేళ్ల ధూళి, ఎండుటాకులు, ఒక్కోసారి ఎలుక సంసారం. కండెన్సర్ మీద బురదను నీళ్లతో మెల్లగా కడగండి. ఏసీ వేశాక ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. చల్లదనం తగ్గిన బళ్లలో కొన్నింటి రోగం ఇక్కడే కుదురుతుంది. ఇందులో ఎవరికీ నాలుగు రాళ్లు మిగలవు కాబట్టి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లొచ్చాయి. వీటి ఏసీ కంప్రెసర్ వందల వోల్టుల మీద నడుస్తుంది. అందులో కరెంటును పారనివ్వని ప్రత్యేకమైన నూనె వాడాలి. మామూలు కార్ల నూనె కలిసిన గ్యాసు దాంట్లోకి ఎక్కిస్తే ఇన్సులేషన్ దెబ్బతిని కారే మొరాయించొచ్చు. మా వీధి చివర నిపుణుడు అప్పుడే బోర్డు మీద 'ఈవీ గ్యాస్' అని కొత్తగా రాయించాడు. అందులో ఏ ఆయిల్ కలిపావయ్యా అని అడిగాను.

"మంచి ఆయిలే సార్," అన్నాడు.