వయసు చాలని గుండు

పెంటగాన్ ప్రతినిధి 2014 అక్టోబరులో సెలవిచ్చిన మాట చదివాక రసాయన ఆయుధాల ఒప్పందం మీద నాకు జాలేసింది. ఇరాక్‌లో ఎదురైన పరిస్థితులను ఆ ఒప్పందం ఊహించలేదట. అందుకే అక్కడ అమెరికా సైన్యానికి దొరికిన విషపు గుండ్లను ఆరుబయట, హడావుడిగా పేల్చేయాల్సి వచ్చిందట. పాపం, యుద్ధంలో వాడే ఆయుధాల గురించి కూర్చుని ఒప్పందం రాసిన పెద్దలకు, ఆ ఆయుధాలు దొరికే చోట యుద్ధం కూడా జరుగుతూ ఉండొచ్చని తట్టలేదు కాబోలు.

సరే, ఒప్పందాన్నే అడిగి చూద్దాం. ఇరాక్‌లోని తాజీ దగ్గర గుంతలోంచి తీసిన 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు ఒకటి, ఒళ్లంతా తుప్పు, పగుల్లోంచి జిడ్డుగా ఏదో కారుతూ, చట్టంగారి ఆఫీసులో కౌంటర్ ముందు నిలబడిందనుకోండి.

"ఏం కావాలి?"

"పద్ధతి ప్రకారం చావాలయ్యా. కాస్త కాగితం రాసివ్వండి."

"ఏ కేటగిరీ?"

"ముసలాళ్లలో రాయండి. ఈ తుప్పు చూడండి."

గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "పుట్టిందెప్పుడు?"

"ఎనభైల్లో."

"కుదరదు. పాత ఆయుధం అనిపించుకోవాలంటే 1925కు ముందు పుట్టాలి. కాదంటే 1925, 1946 మధ్య పుట్టి, వాడకానికి పనికిరానంతగా పాడైపోయి ఉండాలి. నీకింకా వయసు చాలదు. పక్క కౌంటర్లో అనాథల్ని చూస్తారు, అక్కడికెళ్లు."

పక్క కౌంటర్లో ఇంకో ప్రశ్న. "నిన్ను వదిలేసి పోయిన దేశం ఏది?"

"అదే తెలియక వచ్చానండీ. డిజైన్ అమెరికాది. ఒళ్లు యూరప్‌లో తయారైంది. కడుపులో విషం ఇరాక్‌లో పోశారు. ఆ విషం చేసే ఫ్యాక్టరీ కట్టి పెట్టింది పాశ్చాత్య కంపెనీలు."

"ఇంతమంది బంధువులున్నవాడివి అనాథవెలా అవుతావయ్యా? పైగా ఒక దేశం తన సరుకును పరాయి గడ్డ మీద అడక్కుండా వదిలేసిపోతేనే ఈ కేటగిరీ. నువ్వు సొంతూళ్లోనే ఉన్నావు. పో, స్వాధీనం సెక్షన్‌కి పో."

అక్కడ గుండు కాస్త ధైర్యం చేసింది. "నన్ను తవ్వి తీసింది అమెరికా సైనికులండీ. లారీ ఎక్కించిందీ వాళ్లే. 1997 నుంచీ వాళ్లు ఈ ఒప్పందంలో ఉన్నారు. తన దగ్గరున్నవే కాదు, తన అదుపులో ఉన్న చోట దొరికినవీ నాశనం చేయాలని మొదటి అధికరణంలోనే ఉంది కదా."

"చేతిలో ఉండటం వేరు, స్వాధీనంలో ఉండటం వేరు. ఇరాక్‌నడుగు."

"ఇరాక్ 2009లో గానీ చేరలేదండీ."

"అయితే 2009 తర్వాత దొరకాల్సింది! 2004 నుంచే దొరకమని మీకెవరు చెప్పారు?"

గుండుకు నోరు పెగల్లేదు. "పోనీ, చావడమెలాగో అదన్నా చెప్పండి."

"నీళ్లలో పారేయకూడదు. భూమిలో పాతిపెట్టకూడదు. ఆరుబయట గుంతలో వేసి కాల్చకూడదు."

"ఆరుబయట పేల్చేస్తేనో?"

గుమాస్తా మొహం విప్పారింది. "అది మేం ఊహించలేదు. స్టాంపు వేయించుకుని వెళ్లు."

లైన్లో దాని వెనకాలే ఓ సైనికుడు నిలబడ్డాడు. మస్టర్డ్ అనే విషం తగిలిన వెంటనే ఏమీ తెలియదు, గంటలు గడిచాక గానీ బొబ్బలు లేవవు. అప్పటికి చెయ్యి నిమ్మకాయంత పొక్కులతో ఉబ్బింది. గాయపడ్డవాళ్లకిచ్చే పతకం అడిగాడు.

"ఏం తగిలింది?"

"నా ముందున్న గుండేనండీ."

"ఏ గుండు? ఇక్కడికి ఏ గుండూ రాలేదే. బయట ఎక్కడా అనకు."

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఊహించలేదన్న మాటే అబద్ధం. ఆ ఒప్పందం మీద సంతకాలు మొదలైంది 1993 జనవరిలో. దాన్ని రాస్తున్నవాళ్ల కళ్ల ముందున్నదే ఇరాక్. ఎనిమిదేళ్ల యుద్ధంలో ఇరాన్ మీద విషం గుమ్మరించిన ఇరాక్, 1988 మార్చిలో హలబ్జాలో వేలమంది కుర్దుల్ని చంపిన ఇరాక్. వీళ్లు సంతకాలు పెడుతుండగానే అక్కడ అల్ ముథన్నా రసాయన ఆయుధాల కేంద్రంలో ఐక్యరాజ్యసమితి తనిఖీదార్లు కొలిమి కట్టి మస్టర్డ్ కాల్చారు, నరాల విషాన్ని విరగ్గొట్టే ప్లాంటు పెట్టారు. 1992, 1994 మధ్య 28 వేలకు పైగా ఆయుధాలను అదే దేశంలో, అదే ఎండలో వదిలించారు. 2014 ఆగస్టులో అమెరికాయే కేప్ రే అనే ఓడలో యంత్రాలు బిగించి, అంతర్యుద్ధం మధ్యలోంచి బయటికి తెచ్చిన సిరియా సరుకు దాదాపు 600 టన్నులను మధ్యధరా సముద్రం మీద నిర్వీర్యం చేసింది. సిరియాకు పనికొచ్చిన బుర్ర ఇరాక్ దగ్గరే ఎందుకు మొరాయించింది?

దారి పక్క బాంబుగా పెట్టిన గుండును అక్కడికక్కడే పేల్చేయడం నాకూ అర్థమవుతుంది. సైనికుడి ప్రాణం ముందు. కానీ 2004 నుంచి 2011 దాకా దాదాపు 5 వేలు దొరికితే, ప్రతిదానికీ అదే అత్యవసరమా? ఆ ఒప్పందం అమలు చూసే హేగ్‌లోని సంస్థకు వెంటనే ఒక ఉత్తరం రాయడానికి ఏ తూటాలు అడ్డొచ్చాయి?

అసలు సంగతి అందరికీ తెలుసు. ఇవన్నీ 1991కి ముందువి. 2003లో అమెరికా ఐక్యరాజ్యసమితిలో కూర్చుని యుద్ధానికి సాకుగా చూపించిన ఆయుధాలు ఇవి కావు. చెప్పిన సరుకు దొరకలేదు. దొరికిన సరుకు పుట్టుక చెబితే సొంత కంపెనీల చిట్టాలు బయటికొస్తాయి. అందుకని బొబ్బలెక్కినవాడి నోరు మూయించారు. తన ఒంటికి తగిలిన విషం పేరు తనే పైకి చెప్పుకోలేని స్థితికి సొంత సైనికుణ్ని తెచ్చిన ప్రభుత్వం, లోకానికి ఒప్పందాల పాఠాలు చెబుతోంది.

విషం తగిలినవాళ్ల గురించి 2014 అక్టోబరులో బయటపడ్డ లెక్కలో 17 మంది అమెరికన్ సైనికులు, ఏడుగురు ఇరాకీ పోలీసులు ఉన్నారు. ఊళ్లో మనుషులు ఒక్కరూ లేరు. గాలి పోలీసుల్ని మాత్రమే చూసి తగిలిందా? ఆ ముథన్నా 2014లో ఇస్లామిక్ స్టేట్ చేతికి చిక్కింది. అందులో ఇంకా 2,500 రాకెట్లు మిగిలాయని అప్పట్లో బాగ్దాద్ ఐక్యరాజ్యసమితికి మొరపెట్టుకుంది. పెంటగాన్ వారు ఊహించడం తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ పేల్చిన చోట్ల జాబితా ఇరాకీల చేతిలో పెట్టండి. ఏ గుంత, ఏ తేదీ, ఎన్ని గుండ్లు, ఆ రోజు గాలి ఏ ఊరి వైపు వీచింది, అన్నీ రాసి ఇవ్వండి.