జ్వరానికి పద్దు లేదు సార్!

2020 ఆగస్టు 23న కేంద్ర ప్రభుత్వం షూటింగులకు కరోనా నిబంధనలు విడుదల చేసింది. సెట్లో అందరూ మాస్కు పెట్టుకోవాలి, ఆరడుగుల దూరం పాటించాలి, మేకప్ వాళ్లు పీపీఈ కిట్లు తొడుక్కోవాలి. మినహాయింపు కెమెరా ముందున్న నటీనటులకే. మరి హీరోగారి ముఖానికి గుడ్డ కడితే అభిమానులు ఊరుకుంటారా? పాపం వైరస్సే సర్దుకుపోవాల్సి వచ్చింది. ‘యాక్షన్’ అనగానే ఫ్రేములోంచి తప్పుకుని, ‘కట్’ అన్నాక మళ్లీ డ్యూటీలో చేరాలి.

దూరం పాటించడం మనకు కొత్తేమీ కాదు. హీరో కాలెత్తకముందే ఆరడుగుల అవతల రౌడీ గాల్లోకి లేస్తాడు. మన ఫైట్ మాస్టర్లు ఆ విద్య ఎన్నడో సాధించారు. చిక్కంతా జాతర పాటతోనే. మందిని తగ్గించమన్నారు సరే, ఎవర్ని తగ్గించాలి? హీరోగారి మేకప్‌మ్యాన్, హెయిర్ స్టైలిస్టు, జిమ్ ట్రైనర్, నలుగురు బౌన్సర్లు... వీళ్లు లేకపోతే ఆయనకు ఊపిరాడదు. కాబట్టి తెల్లారకముందే కృష్ణానగర్లో వ్యాను కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులను తగ్గించాలి. ఇంట్లో కూర్చున్నవాడికి సెట్లో కరోనా అంటదు కదా, ఇంతకన్నా గట్టి భద్రత ఏముంది!

ముంబైలో అరవై అయిదేళ్లు దాటినవాళ్లు సెట్టుకే రావొద్దన్నారు. ప్రాణాలు కాపాడే బాధ్యత సర్కారుది, ఇంటద్దె కట్టే బాధ్యత వాళ్లది. ఆ ఆంక్షను బాంబే హైకోర్టు కొట్టేసింది. అదే ఇక్కడ పెట్టి ఉంటే ఇంకా గొడవయ్యేది. మన దగ్గర కాస్త అటూ ఇటూగా ఆ వయసుకొచ్చిన హీరోలే కాలేజీలో చేరుతుంటారు.

ఆ డిసెంబరులో రామోజీ ఫిల్మ్ సిటీలో రజనీకాంత్ సినిమా ‘అన్నాత్తే’ షూటింగ్ ఆగిపోయింది. యూనిట్లో కొందరికి పాజిటివ్ వచ్చింది. టైటిల్ కార్డులో ఎవరి పేరు ముందో, ఎవరిది వెనకో వైరస్‌కు పట్టింపు లేదని అప్పటికైనా తెలియాలి. లైట్‌మ్యాన్ దగ్గర టీ గ్లాసు తీసుకున్న ప్రొడక్షన్ బాయే క్యారవాన్ తలుపూ తడతాడు. అతనికి రాత్రి ఒళ్లు కాలిందనుకోండి. చెబితే రేపటి బేటా, అంటే రోజు భత్యం, పోతుంది. డోలో వేసుకుని వస్తాడు. గేటు దగ్గర జ్వరం తుపాకీ నుదుటికి గురిపెట్టి “నార్మల్” అంటుంది.

హాలీవుడ్ యూనియన్లు ఈ కిటుకు పట్టుకున్నాయి. 2020 సెప్టెంబరులో స్టూడియోలతో ఒప్పందం రాయించుకున్నాయి. సెట్టును జోన్లుగా విడగొట్టడం, మాస్కు తీసి నటించేవాళ్లకూ వాళ్ల దగ్గర మసిలేవాళ్లకూ వారానికి కనీసం మూడు పరీక్షలు, అన్నీ చూసుకోవడానికో పర్యవేక్షకుడు. అన్నిటికన్నా ముఖ్యం, కోవిడ్ వస్తే జీతంతో సెలవు. దాచుకుంటే వచ్చే లాభం లేదు గనక మనిషి జ్వరం దాచుకోడు. మన నిర్మాతకు మాత్రం ఆ మాట వింటేనే జ్వరమొస్తుంది.

ఇక్కడంతా మంచితనం మీద నడిచింది. చిరంజీవి ముందుండి కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టారు. కార్మికుల ఇళ్లకు సరుకులు చేరాయి. అన్నం పెట్టిన చేతిని తప్పుపట్టకూడదు, పట్టను కూడా. అయితే దాత దొరికినప్పుడే దానం. బడ్జెట్లో పద్దుంటే ఎవరి దయా అక్కర్లేదు.

ముహూర్తానికి కొబ్బరికాయ పద్దుంది. దిష్టికి గుమ్మడికాయ పద్దుంది. బౌన్సర్లకు, వాళ్ల బిర్యానీకి కూడా ఉంది. వచ్చే మహమ్మారికైనా జ్వరమొచ్చినవాడి బేటా రాసిపెట్టండయ్యా అంటే ప్రొడక్షన్ మేనేజర్ పెన్ను నమిలాడు.

“ఏ పద్దు కింద రాయమంటారు సార్?”

“దిష్టి కింద రాయవయ్యా. దానికి ఏ నిర్మాతా కోత పెట్టడు.”