దీపమార్పుటిపుడు తెలివి: ఒక పద్యానికి టీకా తాత్పర్యం

నేర్పులెన్ని యున్న నిద్దుర లేకున్న
మాట తీపి పోయి మంట రేగు
పొత్తమేది యైన పొద్దున చదువచ్చు
దీపమార్పుటిపుడు తెలివి నరుడ!

అవతారిక: రాత్రి పదకొండున్నర. చేతిలో నలుగురితో ఎలా మెలగాలో నేర్పే పుస్తకం, కళ్ల మీద నిద్ర. రెండింటిలో ఏది ముందో తేల్చుకోలేని ఉద్యోగికి కవి ఈ ఆటవెలదితో హితవు చెప్పుచున్నాడు.

ప్రతిపదార్థం: నరుడ = దిండుకు ఆనుకుని పెన్సిలుతో గీతలు గీసుకుంటున్న ఓ మానవుడా; నేర్పులు ఎన్ని ఉన్నన్ = చిరునవ్వు, పేరుపెట్టి పలకరించడం, ఓపికగా వినడం మొదలైనవి ఎన్ని సాధన చేసినప్పటికీ; నిద్దుర లేకున్నన్ = కంటినిండా కునుకు లేనిచో; మాట తీపి పోయి = పలుకులోని మెత్తదనం నశించి; మంట రేగున్ = “ఈ సంగతి నిన్ననే చెప్పాను కదండీ” అను రూపమున కోపము బయటపడును; పొత్తము ఏది ఐనన్ = అది ఎంత గొప్ప గ్రంథమైనను; పొద్దునన్ చదువచ్చున్ = తెల్లవారాక చదువుకొనవచ్చును; దీపము = గదిలో లైటు, ఉపలక్షణముగా ఫోను తెర కూడ; ఆర్పుట = కట్టివేయుట; ఇపుడు తెలివి = ఈ వేళకు తగిన వివేకము.

తాత్పర్యం: నలుగురితో మెలిగే శాస్త్రానికి ఆకరగ్రంథం డేల్ కార్నెగీ 1936లో వెలువరించిన ‘హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్’. ఎదుటివారికి నచ్చడానికి అందులో ఆరు మార్గాలు చెప్పారు: వారిమీద నిజమైన ఆసక్తి, చిరునవ్వు, పేరు గుర్తుంచుకోవడం, వినడం, వారికి ఇష్టమైన సంగతులు మాట్లాడటం, వారికి విలువ ఇవ్వడం. శ్రద్ధ, జ్ఞాపకం, ఓర్పు లేకుండా వీటిలో ఒక్కటీ సాగదు. నిద్ర తగ్గితే ఆ మూడూ దెబ్బతింటాయి, ఎదుటివారిని పోల్చుకునే చూపు కూడా. ఒక రాత్రంతా మేలుకున్నవారు ఎదుటి ముఖంలో ఒక మోస్తరుగా కనిపించే కోపాన్నీ సంతోషాన్నీ సరిగా పోల్చుకోలేకపోయారని, నిద్రపోయాక ఆ శక్తి తిరిగొచ్చిందని 2010లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. 2018లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. నిద్రలేనివారు తమవైపు నడిచి వచ్చే మనిషిని మామూలు కంటే దూరంలోనే ఆపేశారు. అంతేకాదు, వారి వీడియోలు చూసిన కొత్తవారు సైతం వారితో మాట కలపడానికి అంతగా ఇష్టపడలేదు. అంటే చెడేది మన చూపు ఒక్కటే కాదు, మనం ఎదుటివారికి కనిపించే తీరు కూడా. అర్ధరాత్రి దాకా ‘వినడం’ అనే అధ్యాయం చదివినవాడు మర్నాడు పదింటి మీటింగులో “చెప్పండి, వింటున్నా” అంటూ ఆవలింత ఆపుకుంటుంటే, ఆ అధ్యాయం వల్ల ఎవరికి లాభం?

పూర్వపక్షం, సమాధానం: “రోజూ ఆరు గంటలు పడుకుంటున్నాను, నాకేం కాలేదే” అని కొందరి వాదన. దీనికి 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగమే జవాబు. పద్నాలుగు రోజులు ఆరు గంటలకు మించి పడుకోనివ్వని వారి పనితనం ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేనివారి స్థాయికి దిగజారింది. తాము అంతగా దిగజారామన్న సంగతి మాత్రం వారికి తెలియలేదు. కాబట్టి “నాకేం కాలేదు” అన్న సాక్ష్యం ఇక్కడ చెల్లదు. “కార్నెగీయే నిద్రలేమికంటే దాని గురించిన బెంగే ఎక్కువ హాని అన్నాడు కదా” అని మరొక ఆక్షేపణ. నిజమే, 1948 నాటి ‘హౌ టు స్టాప్ వర్రీయింగ్ అండ్ స్టార్ట్ లివింగ్’లో అన్నాడు. ఆ మాట నిద్ర పట్టక దొర్లేవాడికి ఊరట. వచ్చిన నిద్రను పుస్తకంతో తరిమేవాడికి అనుమతి పత్రం కాదు. పైగా అదే గ్రంథంలో, అలసిపోకముందే విశ్రాంతి తీసుకోమని కూడా ఆయనే బోధించాడు.

ఇక, “ఎనిమిది గంటలు గురకపెట్టి లేచి కూడా ఇంటిల్లిపాదినీ కసిరే పెద్దమనుషుల మాటేమిటి?” అనే ప్రశ్న బలమైనది. నిద్ర ఎవరికీ మర్యాద నేర్పదని ఒప్పుకోవలసిందే. అయితే కవి పుస్తకం వద్దనలేదు, పొద్దున చదవమన్నాడు. విత్తనం లేకుండా తడి నేల పంట ఇవ్వదు, ఎండిన నేలలో విత్తనం మొలవదు. ముందు నేల తడపమనడం విత్తనాన్ని నిందించడం కాదు. రాత్రి విధుల్లో ఉండే నర్సులు, పసిపిల్లల తల్లులు నిద్ర లేకున్నా నెమ్మదిగానే మాట్లాడతారనే వారికి ఒకటే మాట: వారికి ఎంచుకునే వీలు లేదు. పద్యం వీలున్నవాడికి చెప్పినది. రెండు పేజీలకే కళ్లు మూతపడేవారితో కవికి పేచీ లేదు. వారి విషయంలో పుస్తకం నిద్ర పక్షాన చేరిపోయింది.

సిద్ధాంతం: పెద్దలకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్రవైద్య నిపుణుల సంస్థ 2015లో సూచించింది. లేవవలసిన వేళ నుంచి ఏడు గంటలు వెనక్కి లెక్కపెట్టండి. ఆ వేళకు ముందైతే చదవండి, దాటితే పేజీ మడిచి పడుకోండి. ఇంట్లోవాళ్లకు మీరు నేర్చిన ఆరో మార్గం కంటే, పొద్దున్నే మీరు కసురుకోకపోవడమే ఎక్కువ ఉపకారం.