‘ఫిట్ అయింది కదా, ఇంకేం కావాలె!’

పాత కారుకు బయటి బ్రేకు సామాను వేయించడంలో రెండు ఘట్టాలుంటాయి. బిగించడం మొదటిది, దేవుడి మీద భారం వేయడం రెండోది. తొర్రూరు మీదుగా వరంగల్–ఖమ్మం రోడ్డున పెళ్లి బారాతుకు ముస్తాబై పోయే అంబాసిడర్‌కు ఈ రెండో ఘట్టమే పెద్ద ఆసరా.

ఉత్తరపారా ఫ్యాక్టరీలో 1958లో మొదలైన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు కంపెనీ సామానే కావాలని పట్టుబడితే బండి షెడ్డులోనే ఉంటుంది. అందుకే బయటి సామాను కొనడం నేరమేమీ కాదు. తప్పంతా కౌంటర్ దగ్గర వినిపించే సిద్ధాంతంలో ఉంది: ‘‘అదే మాల్ అన్నా, డబ్బానే వేరు.’’ దీని ప్రకారం షూ డ్రమ్ములో పట్టిందంటే బ్రేకు పడినట్టే.

డ్రమ్ముకు ఈ సిద్ధాంతం తెలియదు. చక్రం తిరిగే దిక్కులోనే తెరుచుకునే షూను డ్రమ్మే తనలోకి లాక్కుంటుంది, పట్టు రెట్టింపవుతుంది. దాంతోపాటే లైనింగుల్లో ఉన్న చిన్న తేడా కూడా పెరుగుతుంది. ఎడమ చక్రం షూలు అరిగాయని ఎడమవే మార్పించే పొదుపరులున్నారు. వాళ్లు బ్రేకు తొక్కితే ఎటు పోవాలో స్టీరింగును అడగకుండా కారే తేల్చుకుంటుంది.

డ్రమ్మును లేత్ మీద చెక్కిస్తే వ్యాసం పెరుగుతుంది. అందులో మామూలు షూ వేస్తే లైనింగు నడుమ మాత్రమే తగులుతుంది, అంచులు గాలిలో ఉంటాయి. పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు. ‘‘నాలుగు రోజుల్లో సెట్ అయితది’’ అంటాడు మేస్త్రీ. అబద్ధమేమీ కాదు, నడుమ అరిగాక నిజంగానే సెట్ అవుతుంది. అందాకా ఎదురొచ్చే లారీలు ఓపిక పట్టాలి.

గుంటలు పడిన వీల్ సిలిండర్‌ను ఎమెరీ కాగితంతో రుద్ది, కొత్త రబ్బరు కప్పు వేసి మసిపూసి మారేడుకాయ చేయడం ఇంకో విద్య. బ్రేక్ ఆయిల్ అయిపోతే చేతికందిన ఇంజన్ ఆయిల్ పోసే ఘనులూ ఉన్నారు. ఆ నూనెకు రబ్బరు ఉబ్బి, పట్టిన బ్రేకు వదలదు. బండి ఆగాలన్న కోరిక మాత్రం అక్షరాలా తీరుతుంది.

ఇదే యజమాని క్రోమ్ బంపర్‌కు, సీటు కవర్లకు, సంగీతం పాడే హారన్‌కు బేరమాడడు. బ్రేకు షూ దగ్గరికొచ్చేసరికి రూపాయి రూపాయి లెక్కపెడతాడు. పైన పటారం, లోన లొటారం. చట్టమూ అతని పక్షానే ఉన్నట్టుంది. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల నిర్వచనం ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చొద్దంటుంది. బ్రేకుల పేరెత్తదు.

సామాను ఏ కంపెనీదైనా సరే, రెండు వైపులా ఒకేసారి, ఒకే రకం షూలు వేయించండి. డ్రమ్ముకు తగ్గట్టు లైనింగు చెక్కించండి. గొట్టాల్లోని గాలి పూర్తిగా తీయించి, ఖాళీ రోడ్డు మీద నాలుగుసార్లు తొక్కి చూశాకే పెళ్లికొడుకును ఎక్కించండి.