టాప్ గేరులో వచ్చే వణుక్కి బహిరంగ లేఖ

ఓ వణుకూ,

హైవే మీద బండి 70 దాటి, యాక్సిలరేటర్ మీద కాలు కుదురుకోగానే దిగుతావు. నున్నటి రోడ్డు కాస్తా రంబుల్ స్ట్రిప్స్ అయిపోయినట్టు స్టీరింగు, సీటు, డాష్‌బోర్డు మీది వినాయకుడు అందరూ గడగడలాడతారు. కాలు లేపితే మాయం. ఇరవై ఏళ్లు దాటిన నాలుగు గేర్ల ఆటోమేటిక్ కదా, అడిగేవాడు లేడనుకున్నావు.

నీ సంగతి చెప్పగానే గ్యారేజీలో మొదటి మాట: "గేర్‌బాక్స్ దించాలి సార్." ఆ ఖర్చు బండి అమ్మినా రాదు. గేరు మారేటప్పుడు ఆర్‌పీఎం ఊరికే పైకి లేవడం లేదు. 'డి'లో వేయగానే బండి అందుకుంటోంది. మరి గేర్లు చేసిన పాపమేమిటి?

నీకో వేషం ఉంది. ఇంజిన్ మిస్సింగ్ కూడా అచ్చం నీలాగే కుదుపుతుంది. ప్లగ్గులూ కాయిళ్లూ మార్పించి జేబు ఖాళీ చేసుకున్నవాళ్లు ఎందరో. కానీ మిస్సింగ్ గట్టిగా తొక్కి ఎత్తు ఎక్కేటప్పుడు ముదురుతుంది, నువ్వు తేలిక పాదానికే రెచ్చిపోతావు. అందుకే వెనక ఎవరూ లేనప్పుడు, యాక్సిలరేటర్ కదపకుండా, ఎడమ పాదంతో బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే తాకాను. టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ విడిపోయింది, ఆర్‌పీఎం కాస్త పెరిగింది, నువ్వు ఠక్కున ఆగావు. దొరికావు!

మామూలుగా ఇంజిన్‌కీ గేర్లకీ నడుమ ఆయిలే వారధి. నిలకడ వేగంలో పెట్రోలు వృథా కాకుండా ఆ క్లచ్ రెంటినీ బిగిస్తుంది. ఆ పట్టు నున్నగా పడేలా ఆయిల్లో కలిపే రసాయనాలు ఏళ్ల వేడికి చచ్చుబడితే పట్టూ జారుడూ, పట్టూ జారుడూ. అదే నువ్వు. డిప్‌స్టిక్ తీస్తే ఎర్రగా ఉండాల్సింది ముదురు గోధుమ రంగులో ఉంది. మాడు వాసన లేదు, అదే నా ఆశ. ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్నవాళ్లు పాతబండి కొనరనుకుంటా.

శనివారం మారుస్తున్నాం. బోల్టు విప్పినా సగం దిగదని, మిగతాది కన్వర్టర్‌లోనే ఉంటుందని నీ ధీమా. కొన్నాళ్లు తిప్పి మళ్లీ మారుస్తాం, అవసరమైతే ఇంకోసారి. అన్నిటికీ పనికొస్తుందనే డబ్బా కాదు, మాన్యువల్‌లో రాసిన రకమే. అప్పటికీ పోకపోతే క్లచ్ లైనింగే అరిగిందన్నమాట. గేర్‌బాక్స్ అప్పుడు దించుతాను, కన్వర్టర్ కోసం.

ఇట్లు,
స్టీరింగు పట్టుకున్నవాడు