ముక్కవాసన శాస్త్రం: గన్‌ఫౌండ్రీ ప్రకరణం

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం తప్పదు. ఈ శాస్త్రానికి విషయం, వానాకాలంలో బీరువా తలుపు తీయగానే ముఖాన కొట్టే ముక్కవాసన. ప్రయోజనం, పెళ్లిలో మన పట్టుచీర మనకంటే ముందు పక్కవాళ్ల ముక్కును పలకరించకుండా ఉండటం. సంబంధం, చెమ్మకూ బూజుకూ ఉన్న తల్లీబిడ్డల సంబంధం. అధికారి, జలుబు లేని ప్రతి మనిషీ.

ఇక పూర్వపక్షం. బందరు నుంచి కొడుకు ఉద్యోగం వెంట హైదరాబాదు గన్‌ఫౌండ్రీ ఫ్లాటుకు వచ్చిన పక్కింటి పిన్నిగారు దీనికి ఆద్యులు. "మా బందర్లో అప్పడం వేయించి విస్తట్లో పెడితే పప్పు కలుపుకునేలోపు చల్లబడి మెత్తబడేది. చెమ్మంటే అదీ! సముద్రం లేని ఊళ్లో మీకు చెమ్మేమిటర్రా?" అని ఆవిడ వాదం. నిజమే. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. పైగా మనం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నాం.

దీనికి ఖండనం ఇంటి ఓనరమ్మ చేశారు: "లోపట దండెం కట్టి తడిబట్టలు ఆరేస్తిరి, గోడలు పాడుగాక ఏమైతయమ్మా?" ఇంతకంటే చక్కటి హేతువు ఏ తార్కికుడూ చెప్పలేదు. మెషీన్ పిండేసిన ఒక్క వాయి బట్టల్లోనే రెండు లీటర్ల దాకా నీళ్లు మిగులుతాయి. అవి ఆరడమంటే ఆ నీళ్లు మన గదిలోకి రావడమే. దానికి అన్నం కుక్కరు ఆవిరి, వేణ్నీళ్ల స్నానం, రాత్రంతా నలుగురి ఊపిరి కలపండి. సముద్రం రాలేదని చిన్నబుచ్చుకోకుండా మనమే ఓపిగ్గా తయారు చేసుకుంటున్నాం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలైతే గతించిన వానాకాలాలను కూడా ఇంటికి మోసుకొస్తాయి.

స్థలమాహాత్మ్యం కూడా చెప్పుకోవాలి. ఫ్రెంచి సైనికుడు రేమండ్ 1786లో నిజాం కోసం ఇక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. అదే తోప్ కా సాంచా, ఇంగ్లీషులో గన్‌ఫౌండ్రీ. ఫిరంగుల పోతపనిలో ముఖ్య నియమం అచ్చు పొడిగా ఉండటం. తడి అచ్చులో కరిగిన లోహం పోస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. అంటే చెమ్మను ఆగర్భశత్రువుగా చూసిన పేట ఇది. ఆ పేటలో ఇప్పుడు హాలు మధ్యన దండెం వేలాడుతోంది.

ప్రమాణ విచారం. ప్రత్యక్ష ప్రమాణం ఉప్పు జాడీ. గాలిలో సాపేక్ష తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు గాలిలోంచే నీళ్లు లాక్కుని కరగడం మొదలెడుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి గనుక అది ఇంకా ముందే కారుతుంది. తేమ కొలిచే మీటర్లను సరిచూడటానికి ప్రయోగశాలల్లో వాడేదీ ఉప్పునీళ్ల డబ్బానే. కాబట్టి జాడీని వెక్కిరించకండి. ఇక అనుమాన ప్రమాణం: ఈ బీరువా వెనక బూజు ఉంది (ప్రతిజ్ఞ), వాసన వస్తోంది గనుక (హేతువు), ఎక్కడ ముక్కవాసనో అక్కడ బూజు, నిరుటి పరుపు కింద లాగా (ఉదాహరణ), బీరువా దగ్గరా ఆ వాసనే (ఉపనయం), కాబట్టి జరిపి చూడండి (నిగమనం). చూస్తే, చల్లటి బయటిగోడకు ఆనించిన చోట, గాలాడక, నల్లచుక్కలు దేశపటం గీసి ఉంటాయి.

మతభేదాలు నాలుగు. ధూపవాదులు సాంబ్రాణి వేస్తారు. దానివల్ల ముక్కవాసన పోదు, సాంబ్రాణి వేసిన ముక్కవాసన వస్తుంది. వీరిలో దోమల చక్రం శాఖ మరీ ప్రమాదకరం: ఒక్క చక్రం కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో అచ్చయిన పరిశోధన తేల్చింది.

ఉండవాదులు కలరా ఉండలు వేస్తారు. అవి పురుగుల మీద పనిచేస్తాయి గానీ నీటిచుక్కను ముట్టవు.

మొక్కవాదులు మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న 1989 నాటి నాసా ప్రయోగాన్ని శ్రుతిగా పఠిస్తారు. ఆ ప్రయోగం మూసిన చిన్న పెట్టెలో జరిగింది. మామూలు ఇంట్లో గాలి మారినంత ఫలం రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో లెక్క తేలింది. అప్పుడు మనం కారిడార్లో పడుకోవాలి. పైగా మొక్కకు పోసిన నీళ్లు చివరికి చేరేదీ గాలిలోకే.

యంత్రవాదులది కొంత నయం. ఎయిర్ ప్యూరిఫయర్ ధూళిని పడుతుంది, తేమను వదిలేస్తుంది. ఏసీ మాత్రం పుట్టిందే తేమ కోసం: 1902లో బ్రూక్లిన్ ప్రెస్సులో కాగితం చెమ్మకు సాగి రంగులు చెదురుతుంటే క్యారియర్ అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు. మనవాళ్లు ఏసీని ఏప్రిల్లో వాడి జూలైలో కవరు తొడుగుతారు. వేసవిలో ఇంకో గదిలో కూలరు పెట్టి, డబ్బిచ్చి గాలికి నీళ్లు తాగించేవాళ్లూ వీళ్లే.

సిద్ధాంతం మూడు సూత్రాలు. వాసనకు మందు వాసన కాదు. నీరు పుట్టిన చోటే దాన్ని బయటికి పంపు. గోడకూ బీరువాకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం. భాష్యం: వంటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేయాలి, వంటయ్యాకా కాసేపు తిరగనివ్వాలి. తెరిపి ఇచ్చినప్పుడు ఎదురెదురు కిటికీలు తీయాలి. బయట ఆరేసే దారి లేకపోతే దండెం ఒకే గదిలో, తలుపు మూసి, కిటికీ తీసి, ఫ్యాను కింద. "కిటికీ తీస్తే బస్సుల పొగ కదా?" అంటారా? రద్దీ తగ్గాక తీయండి. శాస్త్రం సిగ్నల్ దగ్గర కూడా ఆగుతుంది.

ఫలశ్రుతి: దీన్ని శ్రావణమాసంలో పారాయణ చేసి ఆచరించినవారి పట్టుచీరలు పరిమళిస్తాయి, పాతపుస్తకాలు అంటుకోవు. ఇల్లు ఖాళీ చేసేనాడు ఓనరమ్మ గోడ సున్నం కింద అడ్వాన్సులో కోత పెట్టకుండా మొత్తం తిరిగిస్తుంది. పారాయణ మాత్రమే చేసి కిటికీ తీయనివారికి కలరా ఉండలే శరణ్యం.