సప్తాహ పాండిత్యము

అమీర్‌పేట మైత్రీవనం పరిసరములయందు గోడలకును, విద్యుత్ స్తంభములకును, మెట్ల దారులకును అంటుకొనియున్న కరపత్రములను శ్రద్ధగా పఠించినవారికి, మన పూర్వులు గురుకులములలో పండ్రెండేండ్లు వృథాగా గడపిరను సత్యము బోధపడక మానదు. ఏలయన, సిస్కో వారి సీసీఎన్‌ఏ పరీక్షకు వలయు సమస్త విద్యయు అచ్చట ఏడు దినములలో, ఉచిత డెమోతోడను, నూటికి నూరు పాళ్లు ఉత్తీర్ణతా హామీతోడను, కొన్ని తావుల ఉద్యోగపు హామీతోడను లభించుచున్నది. పరీక్షిన్మహారాజునకు భాగవత శ్రవణమునకు ఏడు దినములు చాలగా, నెట్‌వర్కింగునకు మాత్రమేల చాలవని నిర్వాహకుల తలంపు కాబోలు. కాని ఆ మహారాజు విన్నంతనే తరించెను, ఆయనకు పిదప పరీక్ష లేదు.

మనవారికి ఉన్నది. 200-301 అను సంఖ్యతో 2020 ఫిబ్రవరి నుండి జరుగుచున్న ఆ పరీక్షకు వ్యవధి 120 నిమిషములు. దాటి వచ్చిన ప్రశ్నకు మరల వెనుకకు పోవు వీలు లేదు. పాఠ్యప్రణాళికలో మౌలికాంశములకు నూటికి 20 పాళ్లు, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, ఐపీ కనెక్టివిటీకి 25, ఐపీ సర్వీసులకు 10, సెక్యూరిటీకి 15, ఆటోమేషనుకు 10. వెండెల్ ఓడమ్ రచించిన అధికారిక గ్రంథము రెండు స్థూల సంపుటములు. ఇంతటి సముద్రమును ఏడు దినములలో ఔపోసన పట్టింపజాలిన అగస్త్యులు మూడవ అంతస్తు అద్దెగదిలో వెలసియుండుట మన భాగ్యము.

ఆ గదిలోని బోధనాక్రమమును ఒకింత సమీపమునుండి చూతము. ఒక ప్రొజెక్టరు, ఒక మూల నాలుగు పాత రౌటర్లు, వాని కెదురుగా మోకాళ్లు తగులునట్లు కూర్చున్న విద్యార్థి సమూహము. గురువుగారు స్లాష్ 26 అనినంతనే అరువదినాలుగు అడ్రసులనియు, అందు వాడుకకు వచ్చునవి అరువదిరెండనియు అందఱును ముక్తకంఠమున పలుకుదురు. ఏడవనాడు ఒక శిష్యుడు కన్సోలు ముందు తొలిసారి కూర్చుండి, ఐపీ అడ్రసు సరిగానే ఇచ్చి, కేబులు సరిగానే తగిలించి, పింగ్ కొట్టగా ప్రత్యుత్తరము రాదు. షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్ అని అడిగినచో 'అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్' అని రౌటరు నిర్దాక్షిణ్యముగా చెప్పును. నో షట్‌డౌన్ అను రెండు మాటలు అతని నోటుపుస్తకమున ఎఱ్ఱసిరాతో వ్రాయబడి, క్రింద గీత కూడ గీయబడియున్నవి. వ్రేళ్లకు మాత్రము అవి ఎన్నడును పరిచితములు కావు.

అయినను హామీ హామీయే. అది నిలుపుకొనుటకు ఆఱవనాటి రాత్రి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ అవతరించును. దానికి లోకమున డంప్స్ అని నామధేయము. ప్రశ్నలను చదువనక్కఱలేకయే జవాబులను కంఠస్థము చేయించు ఈ విద్య బయటపడినచో సిస్కో వారు సర్టిఫికేషను రద్దుచేయుదురను సంగతి కరపత్రమున అచ్చుపడదు.

ఇక ఎదుటి పక్షమున నిలిచి, కోచింగు దండుగ, అన్నియు ఇంటనే నేర్వవచ్చునని గర్జించు స్వయంపాఠక వీరుని చూతము. ప్యాకెట్ ట్రేసరు ఉచితము, వీడియోలు ఉచితము. అతడు చెప్పునది నిజమే. కాని ఏ ప్లేలిస్టు ఉత్తమమో విచారించుటకు ఒక మాసమును, పఠన ప్రణాళికను ఎక్సెల్‌లో రంగులు వేసి తీర్చుటకు ఒక పక్షమును వినియోగించి, ఓఎస్‌పీఎఫ్ మాట రాకముందే లింక్డ్‌ఇన్‌లో నెట్‌వర్క్ ఇంజనీరని వ్రాసికొనును. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము! మూడువందల డాలర్ల పరీక్షా రుసుము చెల్లించి తేదీ నిర్ణయించుకొను సాహసము మాత్రము అతనికి వచ్చే సంక్రాంతి తరువాతనే కలుగును.

ఈ రెండు పక్షముల కలహమును చల్లార్చునది విచిత్రముగా సిస్కో వారి సొంత శిక్షణయే: వారు సీసీఎన్‌ఏకై రూపొందించిన కోర్సులో ఐదు దినముల తరగతికి తోడుగా మూడు దినముల స్వయంపఠనము చేర్చిరి. విద్యను అమ్మువారే, తరగతి ఒక్కటియే చాలదని ఒప్పుకొనుచుండగా, మన మూడవ అంతస్తువారు అంతకంటె ఉదారులై విద్యార్థికి ఏ శ్రమయు మిగుల్పకున్నారు. కొన్ని నెలలు ప్యాకెట్ ట్రేసరుతో కుస్తీపట్టి, వీఎల్యాన్‌లను తానే కట్టి తానే చెడగొట్టి, సందేహములను మూటగట్టుకొని వచ్చినవానికి వారము దినముల తీవ్ర శిక్షణ అమృతప్రాయము. చివర చేయవలసిన ఆ పునశ్చరణనే ఓనమాలుగా చెప్పి, ఏమియు ఎఱుగని పిల్లవానికి అమ్ముటయందే అమీర్‌పేట వాణిజ్య మర్మమంతయు ఇమిడియున్నది.

కావున, డెమోకు పోదలచిన విద్యార్థులారా, ఫీజు ఎంతయని అడుగుటకు మున్ను, ఉత్తీర్ణతకు ఎన్ని మార్కులు రావలెనని వినయముగా ప్రశ్నింపుడు. సిస్కో వారు ఆ అంకెను ఎన్నడును ప్రకటింపరు. కౌన్సిలరుగారు తడుముకొనక అంకె చెప్పిరేని, నమస్కరించి మెట్లు దిగుడు.